ఇచ్చినోళ్లు ఎవరు? - దత్తత చట్టాలు, వాడల పెంపకాలు

మా నాయనమ్మ 2009లో చనిపోయింది. ఆమె పేరు మీద రెండెకరాల అసైన్డ్ భూమి ఉంది. మరుసటేడు మా నాయన, మా చిన్నాయన కలిసి ఆ భూమి తమ పేర్ల మీద మార్పించుకుందామని ఒక ప్రభుత్వ కార్యాలయానికి పోయారు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, దరఖాస్తు రాసింది నేనే. అక్కడి ఉద్యోగి మా చిన్నాయన దిక్కు చూసి, "నువ్వు ఆమె సొంత కొడుకువు కాదట గదా, దత్తత కాయితం ఏది? నిన్ను ఇచ్చినోళ్లు ఎవరు?" అని అడిగాడు. మా చిన్నాయన తల దించుకున్నాడు. మా నాయన మాత్రం, "ఇచ్చేటోళ్లు ఉంటే మేమెందుకు తెచ్చుకుంటం సారూ" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. చట్టం తెలియని మా నాయన నోట యాదృచ్ఛికంగా వచ్చిన ఆ ఒక్క వాక్యంలో ఈ దేశపు దత్తత చరిత్ర మొత్తం మీద ఒక విమర్శ ఉందని పరిశోధనలోకి వచ్చాకే తెలిసింది. ఈ వ్యాసం ఆ విమర్శను విడమరిచి చెప్పే ప్రయత్నం.

ముందు మా చిన్నాయన సంగతి చెప్పాలి. ఆయనను కన్నతల్లి పురుట్లోనే పోయింది. తండ్రి బొంబాయికి వలస పోయి మళ్లీ రాలేదు. 1972 ప్రాంతంలో నల్లగొండ జిల్లాలోని మా మాదిగవాడలో జరిగిన విషయమిది. మా నాయనమ్మకు అప్పటికే ఒక కొడుకు, ఇద్దరు బిడ్డలు. చిన్న బిడ్డ చంకలో ఉంది. ఆ పాలే ఇద్దరికీ పంచింది. వాడలో ఎవరూ దాన్ని "దత్తత" అనలేదు. "పెంచుకుంటున్నది" అన్నారు, అంతే. హోమం లేదు, కాయితం లేదు, పంచాయితీ కూడా లేదు.

శాస్త్రం చెప్పిన దత్తత

బడి పుస్తకాల్లో మనకు దత్తత అనగానే డల్హౌసీ కనిపిస్తాడు. 1848లో సతారా, 1854లో ఝాన్సీ. దత్తపుత్రుడిని వారసుడిగా ఒప్పుకోక కంపెనీ రాజ్యాలను కలిపేసుకుందని చదువుకున్నాం. అంటే మన పిల్లలకు దత్తత మొదటి పాఠంలోనే రాజుల వ్యవహారం, సింహాసనాల వ్యవహారం. ఈ పాఠం ఊరికే అట్లా తయారు కాలేదు. బ్రాహ్మణీయ ధర్మశాస్త్రంలో దత్తత అసలు ఉద్దేశమే అది. పిండం పెట్టడానికి, వంశం నిలబెట్టడానికి, ఆస్తి దాటిపోకుండా ఉండడానికి కొడుకు కావాలి. కొడుకు పుట్టకపోతే తెచ్చుకోవాలి. నంద పండితుడి దత్తక మీమాంస గానీ, దత్తక చంద్రిక గానీ చర్చించేది ఈ లోటు గురించే. ఆ పుస్తకాలలో బిడ్డకు ఏం కావాలనే ప్రశ్న రాదు. తండ్రికి ఏం కావాలనేదే ప్రశ్న.

అందుకే నియమాలు కూడా అట్లాగే ఉంటాయి. మగపిల్లవాడినే తీసుకోవాలి. ఆడపిల్లను తీసుకుంటే పిండం ఎవరు పెడతారు? తన వర్ణంలోంచే తీసుకోవాలి. కన్నతండ్రి ఇవ్వాలి, ఆయన లేకపోతే కన్నతల్లి ఇవ్వాలి. ఇంకెవరూ ఇవ్వడానికి లేదు. ఈ చివరి నియమం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తల్లిదండ్రులిద్దరూ లేని బిడ్డను ఇచ్చే హక్కు ఎవరికీ లేదు కాబట్టి అనాథ బిడ్డ దత్తతకు పనికిరాడు! ఏ బిడ్డకైతే ఇల్లు అవసరమో సరిగ్గా ఆ బిడ్డనే శాస్త్రం గడప బయట నిలబెట్టింది.

ఇంగ్లీషు దొరలు ఈ గ్రంథాలను తర్జుమా చేయించుకుని కోర్టుల్లో హిందువులందరి చట్టంగా నిలబెట్టారు. ఆచారానికి విలువ ఇవ్వలేదని కాదు. 1868లో రామనాథపురం జమీను కేసులో ప్రీవీ కౌన్సిల్, రుజువైన ఆచారం రాతలో ఉన్న శాస్త్రాన్ని మించుతుందని చెప్పింది. శూద్రులకు దత్తహోమం అక్కర్లేదని కోర్టులు తేల్చాయి. మన తెలుగు నేల మీది ఒక ఆచారం కూడా కోర్టుకెక్కింది. అది ఇల్లటం. రెడ్లలో, కమ్మలలో అల్లుడిని ఇంటికి తెచ్చుకుని కొడుకులాగా భాగం ఇచ్చే పద్ధతి. మద్రాసు హైకోర్టు పందొమ్మిదో శతాబ్దంలోనే దాన్ని గుర్తించింది.

మరి మాలమాదిగల పెంపకం ఆచారం ఏ కోర్టు పుస్తకంలో ఉంది? ఆచారం కోర్టుకెక్కాలంటే తగాదా ఉండాలి, తగాదా ఉండాలంటే ఆస్తి ఉండాలి. వకీలుకు ఇవ్వడానికి పైసలుండాలి. భూమి ఉన్న కులాల ఆచారం తీర్పుల్లోకి ఎక్కి చట్టమైంది. భూమి లేని కులాల ఆచారం వాడలోనే ఉండిపోయి, చివరికి ఆచారమే కాదన్నట్టు అయింది. చరిత్రకారులు కోర్టు తీర్పులను ఆధారాలుగా తీసుకుని "హిందూ సమాజంలో దత్తత" అని రాసినప్పుడు అందులో మనం ఎందుకు కనిపించమో దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి.

దొరగడిలో పెంపకం

మన పిల్లలు పెద్దిళ్లలో పెరగలేదా అంటే పెరిగారు. తెలంగాణలో దొరల ఇళ్లల్లో ఆడబాపలు ఉండేవాళ్లు. దొర బిడ్డ అత్తారింటికి పోయేటప్పుడు ఆమె వెంట ఊడిగానికి పంపిన ఆడపిల్లలు వాళ్లు. అన్నం ఆ ఇంట్లోనే, నిద్ర ఆ ఇంట్లోనే, బతుకంతా ఆ ఇంట్లోనే. అయినా ఆ ఇంటి బిడ్డ కాదు. మగపిల్లలైతే జీతం ఉన్నారు. అప్పు కింద ఏడెనిమిదేళ్ల పిల్లవాడు పశువుల కొట్టంలో పండుకునేవాడు. "మా ఇంట్లోనే పెరిగిండు" అని దొరలు చెప్పుకునే మాటలో పెరగడం అంటే పని చేయడమే. మా చిన్నాయన కూడా బడి మొహం చూడలేదు. పదేళ్లకే జీతం కుదిరాడు. అందుకే తండ్రి పేరు రాసిన బడి రికార్డు కూడా ఆయనకు లేకపోయింది.

కాబట్టి పెంపకం అనే మాటకు రెండు చరిత్రలు ఉన్నాయి. కింది కులాల బిడ్డ పై కులం ఇంట్లో పెరిగితే ఊడిగం. అదే బిడ్డ వాడలో ఇంకో ఇంట్లో పెరిగితే కడుపులో బిడ్డతో సమానం. వాడలో అంతా బంగారమని నేను అనడం లేదు. కొట్లాట వచ్చినప్పుడు "తెచ్చుకున్నోడివి" అనే మాట మా చిన్నాయన మీద కూడా పడింది. కానీ ఆ మాట అన్నవాళ్లే ఆయన పెండ్లికి పందిరి వేశారు.

1956: ఏం మారింది, ఏం మారలేదు

అంబేడ్కర్ న్యాయశాఖ మంత్రిగా హిందూ కోడ్ బిల్లును ముందుకు తెచ్చినప్పుడు సనాతనులు ఎంత గోల చేశారో, చివరికి 1951లో ఆయన రాజీనామా ఎందుకు చేశారో మనకు తెలుసు. ఆ బిల్లు తర్వాత ముక్కలుగా వచ్చింది. దత్తత ముక్క 1956 డిసెంబరులో హిందూ దత్తత, మనోవర్తి చట్టంగా వచ్చింది. దాని వల్ల జరిగిన మేలును తక్కువ చేయకూడదు. ఆడపిల్లను దత్తత తీసుకోవచ్చు. పెండ్లి కాని స్త్రీ, వితంతువు తమంతట తాము తీసుకోవచ్చు. ఒకే వర్ణం ఉండాలనే షరతు పోయింది. హోమం తప్పనిసరి కాదు, బిడ్డను ఇచ్చిపుచ్చుకోవడం జరిగితే చాలు.

కానీ పాత శాస్త్రం నీడ ఇందులో కూడా పడింది. కొడుకు బతికి ఉన్నవాళ్లు కొడుకును దత్తత తీసుకోకూడదు, బిడ్డ ఉన్నవాళ్లు బిడ్డను తీసుకోకూడదు. అంటే దత్తత ఇప్పటికీ లోటు పూడ్చుకునే పనే. తల్లిదండ్రులు చనిపోయిన బిడ్డను గార్డియన్ కోర్టు అనుమతితో ఇవ్వవచ్చు, అయితే ఆ గార్డియన్ వీలునామా ద్వారానో కోర్టు ద్వారానో నియమించబడినవాడై ఉండాలి. వదిలేసిన బిడ్డలను, తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డలను చేర్చడానికి 1962 దాకా సవరణ కోసం ఆగాల్సి వచ్చింది. పెండ్లయిన స్త్రీకి భర్త సమ్మతితో తన పేర దత్తత తీసుకునే హక్కు 2010లో గానీ రాలేదు.

ఇప్పుడు మా నాయనమ్మను ఈ చట్టం ముందు నిలబెట్టి చూడండి. ఆమెకు కొడుకు ఉన్నాడు. పెండ్లయిన స్త్రీ. బిడ్డను ఇచ్చే గార్డియన్ లేడు. ఏ వైపు నుంచి చూసినా ఆమె చేసింది చెల్లదు. చట్టం బిడ్డ లేని ఇంటి గురించి ఆలోచించింది, ఆమె ఇల్లు లేని బిడ్డ గురించి ఆలోచించింది.

ఇంకో సంగతి. ఈ చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే. దళిత క్రైస్తవులకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే దిక్కు. దాని కింద బిడ్డకు సంరక్షకులు అవుతారు, తల్లిదండ్రులు కారు. బిడ్డకు మేజారిటీ రాగానే ఆ బంధం కాయితం మీద తెగిపోతుంది. అందరికీ ఒకే దత్తత చట్టం కోసం 1972లో బిల్లు తెచ్చారు, నిలబడలేదు. 1980లో మళ్లీ తెచ్చారు, అదీ నిలబడలేదు. 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, 2006లో దానికి చేసిన సవరణ వచ్చాకే మతంతో పని లేకుండా దత్తతకు దారి దొరికింది. కొడుకున్నా కొడుకును తీసుకోవచ్చని చెప్పింది కూడా ఈ చట్టమే. 2014లో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు ఆ దారిని ఖాయం చేసింది.

తండాల్లో జరిగింది

మా ఊరికి కొద్ది దూరంలోనే దేవరకొండ వైపు లంబాడీ తండాలు మొదలవుతాయి. 1999లోనూ మళ్లీ 2001లోనూ పత్రికలు ఆ తండాల పేర్లతో నిండిపోయాయి. ఆడపిల్లలను పుట్టిన కొద్ది రోజులకే మధ్యవర్తులు తీసుకుపోయి, కొన్ని దత్తత సంస్థలకు చేర్చి, అక్కడి నుంచి విదేశాలకు పంపుతున్నారని బయటపడింది. తల్లి చేతిలో పెట్టింది కొన్ని వందలో వేలో. అటువైపు చేతులు మారింది డాలర్లలో. సోదాలు జరిగాయి, కేసులు పెట్టారు, పిల్లలను ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు. 2001 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 16 ఇచ్చి, పేదరికం పేరుతోనో, పిల్లలు ఎక్కువయ్యారనో, ఆడపిల్ల వద్దనో కన్నవాళ్లు బిడ్డలను వదులుకోవడాన్ని నిషేధించింది.

అప్పటి రాతల్లో చాలావరకు "బిడ్డలను అమ్ముకునే తల్లులు" అనే ధోరణిలో వచ్చాయి. ఆ తల్లుల వెనక ఎంత చరిత్ర ఉందో చూసినవాళ్లు తక్కువ. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసి బతికిన జాతికి రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బతుకుతెరువు పోయింది. నిజాం రాజ్యంలో లంబాడీల బతుకు ఎట్లా కుదించుకుపోయిందో భంగ్యా భూక్యా పరిశోధన చూపించింది. భూమికి చేరినా రాళ్ల భూములే, నీళ్లల్లో ఫ్లోరైడ్. ఒకప్పుడు పిల్లకు వోలి ఇచ్చి చేసుకునే పెండ్లిళ్లు కట్నాల పెండ్లిళ్లుగా మారాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదని 1994 చట్టం. ఇవన్నీ ఒక్క తల్లి నెత్తిన పడ్డప్పుడు ఆమె వేలిముద్ర వేసింది.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. విదేశీ దత్తతల్లో అక్రమాల మీద లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరాన్ని పిటిషన్‌గా తీసుకుని 1984లో సుప్రీంకోర్టు వివరమైన తీర్పు ఇచ్చింది. తీసుకునే కుటుంబం గురించి నిపుణులు ఇంటికి పోయి అధ్యయనం చేసి నివేదిక రాయాలన్నారు. కన్నవాళ్లకు కూడా అన్నీ వివరించి, ఆలోచించుకునే గడువు ఇవ్వాలన్నారు. దాని ఫలితంగానే 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ, మనం కారా అని పిలిచేది, ఏర్పడింది. తీర్పులో రెండు వైపులా అండ ఉంది. ఆచరణలో తీసుకునే కుటుంబానికి సోషల్ వర్కర్ దొరికింది, కౌన్సెలర్ దొరికింది. ఇచ్చే తల్లికి దొరికింది మధ్యవర్తి. ఆ తల్లితో ఆమె భాషలో, ఆమె తండాలో కూర్చుని "నీకు ఏం కావాలి, ఈ బిడ్డను పెంచడానికి నీకు ఏం తక్కువైంది" అని అడిగే మనిషిని ఏ వ్యవస్థా పంపలేదు. నిషేధం వచ్చాక కూడా ఈ ప్రశ్న అట్లాగే మిగిలింది.

ఇప్పటి పద్ధతి, మన లెక్క

ఇప్పుడు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, 2022 దత్తత నిబంధనలు అమల్లో ఉన్నాయి. పద్ధతి తెలియక మనవాళ్లు మధ్యవర్తుల చేతిలో పడుతున్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బిడ్డ కావాలనుకున్నవాళ్లు కారా వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దీనికి సాయం చేస్తారు. దంపతులైతే పెండ్లయి రెండేళ్లు నిండాలి. ఒంటరి మగవాడు ఆడపిల్లను తీసుకోరాదు. ఇద్దరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పిల్లలున్నవాళ్లకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, ఎవరూ ముందుకు రాని పిల్లలనే ఇస్తారు. సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి హోం స్టడీ రిపోర్టు రాస్తారు, అది మూడేళ్లు చెల్లుతుంది. వరుస వచ్చాక బిడ్డ వివరాలు చూపిస్తారు. ఒప్పుకుంటే ముందు పెంపకానికి ఇస్తారు, తర్వాత ఆర్డరు. ఆ ఆర్డరు 2022 సెప్టెంబరు దాకా కోర్టు ఇచ్చేది, ఇప్పుడు కలెక్టరు ఇస్తున్నారు. ఆ పైన రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి వచ్చి బిడ్డ ఎట్లా ఉన్నదో చూడాలి. బిడ్డను వదులుకున్న కన్నవాళ్లకు మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది.

ఇవన్నీ అవసరమైన నియమాలే. తండాల అనుభవం తర్వాత కాదనలేం. కానీ వాడ దిక్కు నుంచి చూసినప్పుడు మూడు విషయాలు గుచ్చుకుంటాయి.

ఒకటి, ఇదే చట్టం సెక్షన్ 80 ప్రకారం అనాథ బిడ్డను ఈ పద్ధతి బయట ఇచ్చినా పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. బంధువుల దత్తతకు వేరే దారి ఉంది గానీ చట్టం లెక్కలో బంధువు అంటే మేనమామ, మేనత్త, పెదనాయన, చిన్నమ్మ, తాత, అమ్మమ్మ లాంటి రక్తసంబంధీకులే. పక్కింటి తల్లి బంధువు కాదు. ఇవ్వాళ మా నాయనమ్మ బతికి ఉండి అదే పని చేస్తే నేరం కింద లెక్క. కాబట్టి కార్యకర్తలు గుర్తుంచుకోవాల్సింది ఏమంటే, వాడలో ఏ బిడ్డ ఒంటరైనా ముందు 1098కి ఫోను చేసి, బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకుపోవాలి. అక్కడ ఆ కుటుంబం పక్షాన మాట్లాడి, బిడ్డను అదే వాడలో ఫోస్టర్ పెంపకానికి ఇవ్వమని అడగవచ్చు. ఆ అవకాశం చట్టంలో ఉంది. అడిగేవాళ్లు లేరు.

రెండు, హోం స్టడీ. వచ్చే సోషల్ వర్కర్ ఆదాయం చూస్తారు, ఇల్లు చూస్తారు, మంచీ చెడ్డా చూస్తారు. రెండు గదుల రేకుల ఇంట్లో నలుగురిని పెంచిన తల్లి నైపుణ్యం ఏ గడిలో నింపాలి? దరఖాస్తు చేసేటప్పుడు వయసు, ఆడ మగ, రాష్ట్రం ఎంచుకోవచ్చు గానీ కులం ఎంచుకోవడానికి లేదు. అది మంచిదే. కానీ ఇంటి గడప దాటిన తర్వాత "ఏ కులం బిడ్డో" అని చుట్టాలు అడగడం ఆగదు. ఆ ప్రశ్నకు కుటుంబాన్ని సిద్ధం చేయడం కౌన్సెలింగులో భాగం కావాలి. కులం గురించి మాట్లాడటం రాని కౌన్సెలరు ఈ దేశంలో దత్తత కుటుంబానికి ఏం అండ ఇస్తారు?

మూడు, కుల ధ్రువీకరణ. 1996లో వల్సమ్మ పాల్ కేసులో సుప్రీంకోర్టు, పై కులంలో పుట్టి ఆ సౌకర్యంతో పెరిగినవాళ్లు దత్తత ద్వారానో పెండ్లి ద్వారానో కింది కులంలోకి వచ్చి రిజర్వేషన్ అడగరాదని చెప్పింది. ఆ తర్కం మనకు అంగీకారమే. అయితే అదే తర్కంతో ఇంకో మాట అడగాలి. పుట్టుక తెలియని పసిగుడ్డు వాడలోనే కళ్లు తెరిచి, వాడ బిడ్డగానే అవమానాలు పడి పెరిగితే, ఆ అనుభవానికి కాయితం ఎవరు ఇస్తారు? ఉమ్మడి రాష్ట్రంలో పదేళ్ల లోపు తల్లిదండ్రులను పోగొట్టుకున్న దిక్కులేని పిల్లలను బీసీ-ఎ జాబితాలో చేర్చారు. అది కొంత ఊరట. మన ప్రశ్నకు జవాబు మాత్రం కాదు.

చెప్పుకోవలసిన మాట

దత్తత బిడ్డకు నిజం ఎప్పుడు చెప్పాలి అనేది ఇప్పటి మధ్యతరగతి కుటుంబాల పెద్ద దిగులు. ఇల్లు మారతారు, ఊరు మారతారు, చుట్టాలను నోరెత్తవద్దంటారు. చిన్నప్పటి నుంచే, బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెబుతూ ఉండాలని నిపుణులు ఇప్పుడు చెబుతున్నారు. మా నాయనమ్మ ఆ పని ఎప్పుడో చేసింది. ప్రతి పెద్దల పండుగకు మా చిన్నాయనను వెంటబెట్టుకుపోయి ఆయన కన్నతల్లి పేరున కూడా ఒక విస్తరి పెట్టించేది. "నిన్ను కన్నది ఆమె, పెంచింది నేను" అని చెప్పేది. ఆయనకు ఇద్దరు తల్లులన్న సంగతి ఆయనకు ఎన్నడూ రహస్యం కాలేదు.

వాడకు తెలివి ఉంది, కాయితం లేదు. ప్రభుత్వానికి కాయితం ఉంది, వాడ దాకా వచ్చే మనిషి లేడు. ప్రస్తుతం బిడ్డ కోసం దేశంలో ముప్పై వేలకు పైగా కుటుంబాలు వరుసలో ఉన్నాయి. ఏటా జరిగే దత్తతలు నాలుగు వేల పైచిలుకు. కాస్త పెద్దయిన పిల్లలను, జబ్బున్న పిల్లలను తీసుకునేవాళ్లు మాత్రం తక్కువ. ఇట్లాంటి పిల్లలను ఎత్తుకున్న చరిత్ర ఎవరికి ఉందో మనకు తెలుసు. ఆ చరిత్రను గుర్తించి, మన వాడల నుంచి సోషల్ వర్క్ చదివిన పిల్లలను జిల్లా విభాగాల్లో నియమించాలని, రెండేళ్లతో ఆపకుండా బిడ్డ బడి ముగిసేదాకా ఆ కుటుంబాలకు అండ ఇవ్వాలని అడగవలసిన బాధ్యత మన సంఘాలది.

ఆ రెండెకరాలు చివరికి మా నాయన ఒక్కడి పేరు మీదనే ఎక్కాయి. ఎకరం మా చిన్నాయన దున్నుతున్నాడు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి నాలుగు వేల చొప్పున ఎనిమిది వేల చెక్కు మా నాయనకు వచ్చింది. ఆయన అదే రోజు బ్యాంకు నుంచి నేరుగా తమ్ముడి ఇంటికి పోయి నాలుగు వేలు చేతిలో పెట్టి వచ్చాడు. ప్రతి పంటకూ అట్లాగే చేశాడు. మా నాయన తర్వాత ఆ ఎకరం ఎవరిదని నన్ను అడిగితే నా దగ్గర నిర్ణయం ఉంది. చూపించడానికి కాయితం మాత్రం లేదు.